కర్నూలులో కాన్పు సన్నద్ధత తరగతులు: నొప్పుల గురించి చెప్పినవీ, చెప్పకుండా వదిలేసినవీ

కర్నూలు నగరంలోని ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రి, ఏడో నెల నిండిన గర్భిణుల కోసం ఆదివారాలలో నడిపే కాన్పు సన్నద్ధత తరగతుల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. తొలి కాన్పుకు ముందు నేను ఈ తరగతులకు వెళ్లాను, ఆ తరువాత అదే ఆసుపత్రిలో ప్రసవించాను. కనుక అక్కడ విన్నదానికీ, లేబర్ రూములో నా శరీరం అనుభవించినదానికీ ఎంత పొంతన ఉందో చెప్పగలను. నొప్పి ఎలా ఉంటుందన్న విషయంలో ఈ తరగతులు దాపరికం లేకుండా నిజం చెబుతాయి, అందుకు ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే కాన్పు అనుకున్న దారిలో నడవనప్పుడు ఏం జరుగుతుందో చెప్పడంలోనూ, ఈ పాఠం ఎవరెవరికి చెప్పాలో గుర్తించడంలోనూ పెద్ద వెలితే ఉంది.

తొలిచూలు గర్భిణికి నొప్పుల గురించి మన ఇళ్లలో దొరికే సమాచారం చాలా తక్కువ. కాన్పు ఆడదానికి పునర్జన్మ అని ఒకరంటారు, "అందరూ కనలేదా, నువ్వేమన్నా కొత్తగా కంటున్నావా" అని ఇంకొకరు కొట్టిపారేస్తారు, ఆ బాధ పడేకంటే పెద్దాపరేషన్ చేయించుకోవడమే నయమని స్నేహితురాలు సలహా ఇస్తుంది. నొప్పి శరీరంలో ఎక్కడ మొదలవుతుందో, ఒక్కొక్కటి ఎంతసేపు ఉంటుందో, మధ్యలో తెరిపి దొరుకుతుందో లేదో మాత్రం ఎవరూ చెప్పరు. మా జేజి ఇంట్లోనే మంత్రసాని చేతిలో పిల్లలను కన్న మనిషి. ఆమెను అడిగినా "బిడ్డ మొగం చూస్తానే అదంతా మర్చిపోతాంలేమ్మా" అన్న మాటే వచ్చింది. నెలలు నిండేకొద్దీ నాకు నడిరాత్రి మెలకువ వచ్చి, నేను తట్టుకోగలనా అన్న ప్రశ్న తిరిగి నిద్ర పట్టనిచ్చేది కాదు. గట్టిగా అరుస్తానేమో, అరిస్తే సిస్టర్లు కసురుకుంటారేమో, నా వల్ల కాదని మధ్యలో అంటే నా మాట వినేవారుంటారో లేదో అన్నవి కూడా ఆ భయంలో కలిసే ఉండేవి. నాలాంటి వారు కర్నూలులో ఎంతమందో ఉన్నారని తరగతిలో మొదటిరోజే తెలిసింది, ఎందుకంటే "మీకు దేనికి భయం?" అని సిస్టరు అడిగినప్పుడు ఎమ్మిగనూరు నుంచి వచ్చిన అమ్మాయి నుంచి కల్లూరు అమ్మాయి వరకు అందరూ ఇవే మాటలు చెప్పారు.

పాఠం చెప్పేది ఏళ్ల తరబడి కాన్పులు చేయిస్తున్న ఒక సీనియర్ సిస్టరు. ఆమె బొమ్మల పుస్తకం పక్కన పెట్టి, ఒక బెలూనులో చిన్న టేబుల్ టెన్నిస్ బంతిని దూర్చి, గాలి ఊది, మూతిని కిందికి తిప్పి పట్టుకుంది. బెలూను గర్భసంచి, మూతి దగ్గర అడ్డంగా ఆగిన బంతి బిడ్డ తల. మొదట బెలూనును రెండు పక్కల నుంచి నొక్కితే బంతి కదలలేదు; దొంగనొప్పులు ఇలా ఉంటాయని, కడుపు బిగుసుకుంటుంది గానీ మూతి తెరుచుకోదని చెప్పింది. తరువాత పైభాగం నుంచి నెమ్మదిగా నొక్కుతూ, వదులుతూ, మళ్లీ నొక్కుతూ పోయింది. సన్నగా పొడవుగా ఉన్న మూతి కొంచెం కొంచెంగా పొట్టిదై, పలచబడి, ఆ తరువాత వెడల్పవడం మొదలుపెట్టి, చివరకు బంతి జారి ఆమె అరచేతిలో పడింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపు మూతి పలచబడటమే తప్ప తెరుచుకోవడం కనిపించదన్న సంగతి నాకు అక్కడే కళ్లకు కట్టింది. గంటల తరబడి నొప్పులు తిని కూడా "ఇంకా రెండు సెంటీమీటర్లే" అనిపించుకున్న ఆడవాళ్లు ఎందుకు కుంగిపోతారో, ఆ గంటలు ఎందుకు వృథా కావో కూడా అర్థమైంది.

నొప్పి బలాన్ని చేత్తో తెలుసుకునే పద్ధతి ఆమె నేర్పింది. నొప్పి వచ్చినప్పుడు కడుపు మీద వేళ్లు ఆనించి చూడాలి. ముక్కు కొసను నొక్కినప్పుడు తగిలేంత గట్టిదనం ఉంటే అది తేలిక నొప్పి, గడ్డం అంత గట్టిగా ఉంటే మధ్యస్థం, నుదురులా వేలు దిగకుండా ఉంటే బలమైన నొప్పి. అయిదు నిమిషాలకొకసారి, ఒక్కొక్కటి నిమిషంపాటు, అలా గంటసేపు వరుసగా వస్తే ఆసుపత్రికి బయలుదేరాలి. ఊరు దూరమైతే అంతవరకు ఆగకూడదు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పులతో సంబంధం లేకుండా వెంటనే రావాలి. ఉమ్మనీరు ఆకుపచ్చగా కనిపిస్తే ఆ మాట ఫోనులోనే చెప్పాలి. ఆముదం తాగి నొప్పులు తెప్పించుకోవద్దని కూడా గట్టిగా చెప్పింది, మన జిల్లాలో ఆ మాట చెప్పవలసిన అవసరం ఇంకా ఉంది.

ఈ తరగతుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చింది నొప్పి క్రమాన్ని వివరించిన పాఠం. మొదట నెలసరి నొప్పిలా పొత్తికడుపులో సన్నగా మొదలవుతుంది, లేదా నడుములో పుట్టి ముందుకు చుట్టుకొస్తుంది, కొందరికి తొడల్లోకి దిగుతుంది. ఈ తొలిదశ కొందరికి కొన్ని గంటలు, కొందరికి ఒక రోజుకు మించి కూడా సాగవచ్చు. అప్పుడు తినాలి, తాగాలి, నడవాలి, వీలైతే నిద్రపోవాలి. మూతి అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి అసలు దశ మొదలైనట్టు లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలలో చెప్పింది. ఆ దశ తొలికాన్పులో సాధారణంగా 12 గంటలకు, తరువాతి కాన్పులలో 10 గంటలకు మించదు. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో మందులతో తొందర పెట్టనవసరం లేదని కూడా అదే పత్రం అంటుంది. సిస్టరు ఈ సంగతులు చెబుతూ ఇంకొక లెక్క వేయించింది: పది నిమిషాలలో మూడు నొప్పులు, ఒక్కొక్కటి నిమిషం అనుకుంటే, మిగిలిన ఏడు నిమిషాలు నొప్పి లేనివే. నొప్పి తారస్థాయికి చేరి తగ్గుతుంది, తగ్గాక ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ తెరిపిలో భుజాలు, దవడ, అరచేతులు వదులు చేసుకోవడం ఎవరు నేర్చుకుంటారో వారికి తరువాతి నొప్పికి శక్తి మిగులుతుంది. ఆ లెక్క విన్న రోజు రాత్రి నేను చాలా రోజుల తరువాత నిశ్చింతగా నిద్రపోయాను.

చివరి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర ఒళ్లు వణుకుతుందని, వాంతి రావచ్చని, మనిషికి తన మీద తనకు పట్టు తప్పినట్టుంటుందని, "ఇక నా వల్ల కాదు, ఇంటికి పోతా" అనడం అక్కడ మామూలేనని ఆమె చెప్పింది. ఆ మాట నోటి వెంట వచ్చిందంటే చాలావరకు కాన్పు దగ్గరపడినట్టే. తరువాత ముక్కే దశలో మలవిసర్జనకు వచ్చినట్టే అనిపిస్తుంది, నిజంగా రావచ్చు కూడా, అందుకు ఎవరూ సిగ్గుపడనవసరం లేదు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు కింద నిప్పు పెట్టినంత మంట, తల దాటగానే ఒక్కసారిగా తేలిక. ఆ తరువాత మాయ పడటం, అవసరమైతే కుట్లు, పాలు పట్టేటప్పుడు గర్భసంచి ముడుచుకునే నొప్పి, అది రెండో కాన్పులో తొలికాన్పుకంటే ఎక్కువగా ఉండటం కూడా వివరించింది. పెద్దలు మనకు చెప్పకుండా దాచినవన్నీ ఇవే. వినడానికి భయం కలిగించే ఈ వివరాలే విన్న తరువాత నాకు భయాన్ని సగం తగ్గించాయి.

మాటలతో ఆపకుండా మంచుగడ్డ సాధన చేయించారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక మంచుగడ్డ పెట్టి, గుప్పిట మూసి, నిమిషంపాటు పట్టుకోమన్నారు. మొదటిసారి పళ్లు బిగబట్టి చూశాం, ముప్పై సెకన్లకే వేళ్లు కొరుకుతున్నట్టు నొప్పి పుట్టింది. రెండోసారి ముక్కుతో నెమ్మదిగా పీల్చి, నోటితో పొడవుగా వదులుతూ, వదిలేటప్పుడు సన్నగా మూలగమన్నారు. నొప్పి అంతే ఉంది, కానీ నిమిషం గడిచింది. కాన్పు నొప్పికీ మంచుగడ్డకూ పోలికే లేదని సిస్టరే ఒప్పుకుంది. ఊపిరి బిగబడితే ఒళ్లంతా బిగుస్తుందని తెలియజెప్పడానికే ఈ సాధన అని చెప్పింది.

ఒక ఆదివారం మత్తు డాక్టరు వచ్చి నొప్పి తగ్గించే మార్గాల గురించి మాట్లాడారు. బోర్డుల మీద 'పెయిన్‌లెస్ డెలివరీ' అని రాసినా అది పూర్తిగా నొప్పి లేని కాన్పు కాదని, ఎపిడ్యూరల్ వేసే లోపు వచ్చే నొప్పులు అనుభవించక తప్పదని ఆయన మొదటి వాక్యంలోనే చెప్పడం నాకు నచ్చింది. ఎపిడ్యూరల్ అంటే, నడుము దగ్గర రెండు వెన్నుపూసల మధ్య సూది గుచ్చి, దాని గుండా చాలా సన్నని గొట్టం అమర్చి, సూది తీసేసి, గొట్టం ద్వారా మందు కొంచెం కొంచెంగా ఇస్తారు. వెన్నుపాము అంతకు పైనే ముగుస్తుంది కనుక సూది దానికి తగులుతుందన్న భయం అక్కరలేదని పటం చూపి వివరించారు. ఎపిడ్యూరల్ వేయించుకుంటే జీవితాంతం నడుమునొప్పి తప్పదని మన ఊళ్లలో ప్రతివారూ నమ్ముతారు; ఎన్నో వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించి 2018లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ప్రకారం వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ దీర్ఘకాలపు నడుమునొప్పిలో తేడా కనిపించలేదు, సిజేరియన్లు పెరిగినట్టూ కనిపించలేదు. రక్తపోటు పడిపోవడం, దురద, జ్వరం, మూత్రానికి గొట్టం పెట్టవలసి రావడం, ముక్కే దశకు కొంత ఎక్కువ సమయం పట్టడం ఉండవచ్చు. సుమారు వందలో ఒకరికి తరువాత తీవ్రమైన తలనొప్పి రావచ్చు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉన్నవారికి, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారికి ఇవ్వరు. సగం నైట్రస్ ఆక్సైడు, సగం ఆక్సిజను కలిసిన వాయువును పీల్చే పద్ధతి కూడా ఉందని, అది ఆ ఆసుపత్రిలో లేదని దాచకుండా చెప్పారు. నొప్పి భరించడమే ఆడతనమన్న మాటకు సమాధానంగా, 1853లో విక్టోరియా రాణి క్లోరోఫాం తీసుకుని బిడ్డను కన్న సంగతి గుర్తుచేశారు. ఒక రాణి నొప్పికి మందు అడిగినప్పుడు తప్పు కానిది మన ఇంటి ఆడపిల్ల అడిగితే తప్పెందుకవుతుందని నేను కూడా అడుగుతున్నాను.

ఇక వెలితి. నా కాన్పు నొప్పులతో మొదలు కాలేదు. రాత్రి ఉమ్మనీరు పోయింది, గంటలు గడిచినా నొప్పులు రాలేదు, ఇన్ఫెక్షను ప్రమాదం ఉంటుందని ఉదయం నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ మందు డ్రిప్ పెట్టారు. తరగతిలో ఈ పరిస్థితికి దక్కింది ఒకే ఒక్క వాక్యం. మెల్లగా మొదలై మెల్లగా పెరిగే నొప్పికి మనసును సిద్ధం చేసుకున్న మనిషికి, మందు మోతాదు పెంచిన కొద్దిసేపటికే కడుపు నుదురులా బిగుసుకునే నొప్పులు వరుసకట్టి రావడం దిగ్భ్రాంతి కలిగిస్తుంది. పైగా డ్రిప్ పెట్టినప్పుడు బిడ్డ గుండెచప్పుడు ఎడతెగకుండా చూడాలి కనుక కడుపుకు బెల్టులు కడతారు. ఇది అవసరమే, ఇందులో తప్పు పట్టడానికి లేదు. కానీ తరగతిలో నేర్పిన నడక, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని నడుము తిప్పడం, గోడకు ఆనుకుని వంగడం వంటివన్నీ ఆ బెల్టులతో ఆగిపోయాయి. మంచం మీదే చేయగలిగేవి ఏవో, ఎడమవైపుకు పడుకుని ఏ మోకాలి కింద దిండు పెట్టుకోవాలో, బెల్టులు కట్టినా మంచం పక్కన నిలబడనిస్తారా అన్నది ముందే చెప్పి ఉంటే నాకు ఎంతో మేలు జరిగేది. నొప్పులు తెప్పించడం ఈ రోజుల్లో అరుదైన విషయం కాదు. దానికి ఒక పూర్తి పాఠం కేటాయించాలి.

రెండో వెలితి మత్తు డాక్టరు సంగతి. ఎపిడ్యూరల్ గురించి అంత చక్కగా చెప్పిన తరగతి, ఆ సదుపాయం ఏ వేళల్లో వెంటనే దొరుకుతుందో చెప్పలేదు. లేబర్ రూములో నేను ఎపిడ్యూరల్ అడిగిన తరువాత, ఆయన వేరేచోట ఆపరేషనులో ఉన్నారని, వచ్చేదాకా ఓర్చుకోవాలని చెప్పారు. ఆ ఎదురుచూపులో ప్రతి నొప్పీ రెట్టింపుగా అనిపించింది, ఎందుకంటే అప్పటికే నా మనసు ఓర్పు నుంచి ఎదురుచూపులోకి మారిపోయింది. ఆయన వచ్చి మందు ఇచ్చాక పావుగంటలో నొప్పి దూరంగా జరిగింది, కాళ్లలో చలనం పోలేదు, ముక్కవలసిన ఒత్తిడి తెలుస్తూనే ఉంది, తల వచ్చేటప్పటి మంట లీలగా మాత్రమే తెలిసింది. ఎపిడ్యూరల్ లేకుండానే ప్రసవించిన ఎమ్మిగనూరు అమ్మాయి మాత్రం, సిస్టరు చెప్పిన మంట అక్షరాలా అలాగే ఉందని, అది వచ్చినప్పుడు "అయితే తల వచ్చేసింది" అని గుర్తుపట్టి ధైర్యం తెచ్చుకున్నానని నాతో చెప్పింది. ఈ ఆసుపత్రిలో గానీ మరెక్కడైనా గానీ పేరు నమోదు చేసుకునే ముందు, రాత్రివేళ మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, పిలిస్తే వస్తారా, రావడానికి ఎంతసేపు పడుతుంది, రుసుము విడిగా ఎంత అన్నవి తప్పక అడగండి.

సిజేరియన్ గురించి తరగతి దాదాపు మౌనంగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతం. అంటే ఆ గదిలో కూర్చున్న వారిలో ఎందరో చివరకు ఆపరేషను బల్ల మీదికే వెళతారు. నొప్పికి భయపడి ముహూర్తం పెట్టించుకుని కోత కోరుకునేవారికి, ఆ నొప్పి తప్పిపోదని, ఆపరేషను తరువాతి రోజుల్లోకి జరుగుతుందని, లేచి కూర్చోవడం, దగ్గడం, బిడ్డను ఎత్తుకోవడం కొన్ని వారాలు కష్టమని ఎవరైనా నెమ్మదిగా చెప్పాలి. నిజంగా అవసరమై ఆపరేషను జరిగినవారికి, అది వారి ఓటమి కాదని కూడా చెప్పాలి.

మొత్తం తరగతులకు రూ.2,500 తీసుకున్నారు. బోధన అంతా శుభ్రమైన తెలుగులో సాగింది; కష్టమైన ఇంగ్లీషు మాట వచ్చిన ప్రతిసారీ సిస్టరు ఆగి విడమరిచింది. ఆ రుసుము చెల్లించలేనివారు ఎందరో ఉన్నారు. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, సిజేరియన్, మందులు, భోజనం అన్నీ ఉచితం. 2016 నుంచి ప్రతినెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలూ జరుగుతున్నాయి. ఆ 9వ తేదీన వరుసలో కూర్చున్న వారికి ఒక బెలూను, ఒక బంతి పట్టుకుని అరగంటసేపు ఈ పాఠం చెప్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కర్నూలు సర్వజన ఆసుపత్రిలోనూ పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలలోనూ అది జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

చివరిగా నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన విషయం. తరగతులు 'దంపతుల కోసం' అని పేరు పెట్టి, నడుము మీద ఎక్కడ ఎలా నొక్కాలో, నొప్పి వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో భర్తలకే నేర్పుతారు. మన ప్రాంతంలో తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుంది, భర్తలలో చాలామంది బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలలో ఉంటారు, నొప్పులు ఆదివారం చూసుకుని రావు. నా భర్త బెంగళూరు నుంచి బయలుదేరి దారిలో ఉండగా లేబర్ రూములో నా పక్కన ఉన్నది మా అమ్మ. కాన్పు సమయంలో ఒక మనిషి ఎడతెగకుండా తోడుండటం వల్ల సిజేరియన్లు తగ్గుతాయని, నొప్పి మందుల అవసరం తగ్గుతుందని, కాన్పు సమయం కూడా కొంత తగ్గుతుందని 26 అధ్యయనాలను, 15,000 మందికి పైగా స్త్రీల వివరాలను పరిశీలించిన 2017 కోక్రేన్ సమీక్ష చెబుతోంది. ప్రభుత్వ ఆసుపత్రులలో తోడు మనిషిని అనుమతిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, కాన్పు అనుభవం ఉన్న స్త్రీ తోడుగా ఉండాలనే సూచించాయి. అమ్మకు అనుభవం ఉంది, ప్రేమ ఉంది. నా బాధ చూడలేక మొదట్లో ఆమే ఏడ్చింది. నేను ఇంట్లో ఆమెకు చూపించి ఉన్నాను కనుక, నొప్పి మొదలవగానే నడుము కింద వెన్ను చివర ఉండే త్రికాస్థి మీద అరచేతి మడమ ఆనించి తన బరువంతా వేసి నొక్కడం మొదలుపెట్టింది, ఆ ఒత్తిడి ఉన్నంతసేపు నడుములోని నొప్పిని నేను మోయగలిగాను. ఆమె చేయి తీస్తే మళ్లీ పెట్టమని అరిచాను. ఆ చేతికి తరగతిలోనే శిక్షణ దొరకవలసింది. కాన్పయ్యాక ఈ మాట సిస్టరుతో అంటే, అమ్మలను కూర్చోబెట్టడానికి తమకు అభ్యంతరమేమీ లేదని, ఇంతవరకు ఎవరూ అడగలేదని చెప్పింది. కాబట్టి పేరు రాయించుకునేటప్పుడే, లేబర్ రూములో మీ పక్కన నిజంగా ఎవరుంటారో వారి పేరు కూడా రాయించండి.